వినైల్ డెక్: పైన పలక, కింద చెక్క

న్యూజెర్సీ, వర్జీనియా, నార్త్ కరోలినా, జార్జియా వైపు ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు కొన్నేళ్లు గడిచేసరికి ఒక ప్రశ్న వచ్చి పడుతుంది. ఇంటి వెనక బిల్డర్ కట్టించి ఇచ్చిన చెక్క డెక్ నలుపెక్కి ఉంటుంది. పలకలు వంకర్లు తిరిగి, చీలికలు వారి, ఉత్త కాళ్లతో తిరిగే పిల్లల అరికాళ్లలో పేళ్లు దిగుతుంటాయి. మళ్లీ చెక్కే వేయించి రెండు మూడేళ్లకోసారి రంగు పూయించుకోవాలా, లేక ఎక్కువ డబ్బు పెట్టి వినైల్ వేయించి ఆ బాధ వదిలించుకోవాలా అని ఇంటిల్లిపాదీ చర్చించుకుంటారు.

డెక్ చూడని వాళ్ల కోసం కాస్త వివరం. ఆ ప్రాంతాల్లో చాలాచోట్ల నేల వాలుగా ఉంటుంది. ఇంటి ముందు తలుపు వీధికి సమానంగా ఉన్నా, వెనక తలుపు నేలకు ఆరేడు అడుగుల ఎత్తున తెరుచుకుంటుంది. అక్కడ ఒక అంచును ఇంటి గోడకు బిగించి, రెండో అంచును స్తంభాల మీద నిలబెట్టి, పైన పలకలు పరిచి కట్టేదే డెక్. మన అరుగూ డాబా చేసే పనులన్నీ అదే చేస్తుంది. సాయంత్రం కాఫీలు, శనివారం గ్రిల్లు, పుట్టినరోజు భోజనాలు, ఊరి నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలు పొద్దుటి ఎండలో కూర్చోవడం, అమ్మ చేతి వడియాలు ఎండటం అంతా అక్కడే. టెక్సస్‌లో నేల చాలావరకు చదును కాబట్టి కాంక్రీటు ప్యాటియోలే ఎక్కువ. డెక్ గురించిన బెంగ ముఖ్యంగా తూర్పు తీరం వాళ్లది, అట్లాంటా వాళ్లది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వినైల్ మంచి పలక. నీడా తేమా ఉన్న పెరట్లో, ఏటా బ్రష్ పట్టుకునే తీరిక లేని ఇంట్లో దాన్ని మించింది తక్కువ. అయితే పలక రంగు ఏది బాగుంటుందని నెలల తరబడి నమూనాలు తిరగేసేవాళ్లు, ఆ పలకను మోసే చెక్క ఎలా ఉందో ఒక్కసారి కిందికి దిగి చూడరు. వినైల్ కుళ్లదు, నిజమే. దాని కింది చెక్క కుళ్లుతుంది. పైన చెడని పలక ఉంటే కింద చెడిన సంగతి మరింత ఆలస్యంగా బయటపడుతుంది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే.

ముందు వినైల్ అంటే ఏమిటో చూద్దాం. అది పీవీసీ, అంటే పాలీ వినైల్ క్లోరైడ్. మన ఊళ్లో బోరు నుంచి ట్యాంకు దాకా వేసే పైపు, బాత్రూం తలుపు, కరెంటు తీగ మీది తొడుగు, అన్నీ అదే జాతి. దాని బరువులో దాదాపు 57 శాతం క్లోరిన్. ఆ క్లోరిన్ ఉప్పు నుంచి వస్తుంది, మిగిలింది పెట్రోలియం లేదా సహజవాయువు నుంచి తీసిన ఇథిలీన్ నుంచి వస్తుంది. జర్మనీకి చెందిన యూజెన్ బౌమన్ 1872లోనే ఈ పదార్థాన్ని గమనించి రాసిపెట్టాడు. కానీ అది గట్టిగా, పెళుసుగా ఉండి ఎందుకూ కొరగాకుండా ఉండిపోయింది. 1926లో అమెరికాలో బీఎఫ్ గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేసే వాల్డో సెమన్ దాన్ని మెత్తబరిచే మార్గం కనిపెట్టాకే అది వ్యాపార వస్తువైంది. రెయిన్‌కోటులో ఉండేది ఆ మెత్తబరిచిన రకం. డెక్ పలకలో ఉండేది మెత్తబరచని గట్టి రకం, మన పైపులాంటిది.

ఒకే పేరుతో అమ్ముతున్నా, దుకాణంలో వినైల్ డెక్ అనే మాట కింద మూడు వేర్వేరు వస్తువులున్నాయి. ఇది తెలియక ఒకటి అనుకుని ఇంకొకటి కొన్నవాళ్లున్నారు. మొదటిది లోపల బోలుగా ఉండే పలక. గుల్లగా, లోపల సన్నని అడ్డగోడలతో అచ్చులోంచి తీసి, ఒకదానిలో ఒకటి ఇరుక్కునేలా చేస్తారు. కొసలకు మూతలు పెడతారు. తేలిగ్గా ఉంటుంది, కానీ నడుస్తుంటే డబడబమని చప్పుడొస్తుంది. మూతలు ఊడితే లోపల నీళ్లు, కందిరీగలు చేరతాయి. రెండోది ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేది, సెల్యులార్ పీవీసీ. లోపలంతా గాలి బుడగలతో నురగలా గట్టిపడిన పీవీసీ, పైన ఎండను తట్టుకునే వేరే ప్లాస్టిక్ పొర ఉంటాయి. సుమారు అంగుళం మందం, ఐదున్నర అంగుళాల వెడల్పు. కోస్తే చెక్కలాగే తెగుతుంది, స్క్రూ దిగుతుంది. మూడోది అసలు పలకే కాదు, ప్లైవుడ్ మీద అతికించే దళసరి వినైల్ షీటు. కింద గది గానీ, కారు నిలిపే చోటు గానీ ఉండి, చుక్క నీరు దిగకూడదనుకున్న చోట దాన్ని వాడతారు. ఈ వ్యాసంలో నేను మాట్లాడేది ముఖ్యంగా రెండో రకం గురించి.

కాంపోజిట్ అనే మరో సరుకుతోనూ దీన్ని కలగాపులగం చేస్తుంటారు. కాంపోజిట్‌లో సగానికి అటూ ఇటూగా చెక్కపొడి, మిగతా పాలిథిన్ ఉంటాయి. పాత ప్లాస్టిక్ సంచులను కరిగించి కూడా అందులో వాడతారు. చెక్కపొడి ఉంది కాబట్టి తేమ దొరికితే కాస్త పీల్చుకుంటుంది. మొదటితరం కాంపోజిట్ పలకలు బూజు పట్టి, ఉబ్బి చెడ్డపేరు తెచ్చుకోవడానికి కారణం అదే. ఇప్పటివాటికి పైన ప్లాస్టిక్ తొడుగు వేస్తున్నారు, కానీ చాలా రకాలకు అడుగుభాగం తొడుగు లేకుండానే ఉంటుంది. సెల్యులార్ పీవీసీలో చెక్క ఊసే లేదు. కాబట్టి బూజుకు తిండి లేదు, చెదలకు పని లేదు. పలక మీద పేరుకున్న దుమ్ము, పుప్పొడి తిని మాత్రం పైపైన బూజు పట్టొచ్చు. సబ్బునీళ్లతో, మెత్తని బ్రష్‌తో రుద్దితే పోతుంది.

ఇక ఎండ. మన పొలాల్లో నీలంరంగు పీవీసీ పైపు నాలుగైదు వేసవులు ఎండలో పడి ఉంటే ఏమవుతుందో అందరం చూశాం. రంగు తెల్లబోతుంది, చేత్తో రాస్తే పిండిలాంటి పొడి అంటుకుంటుంది, కాలు వేస్తే పెంకులా విరుగుతుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు పీవీసీ గొలుసును తెంపుతూ పోతాయి. నేలలో పూడ్చిన అదే పైపు దశాబ్దాలు చెక్కుచెదరదు. డెక్ పలకను ఎండలో పరచడం తప్పదు కాబట్టి, టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని పొడి కలుపుతారు, పైన ఆ కిరణాలను ఆపే పొర వేస్తారు. ఆ పొర నాణ్యతే పలక ఆయుష్షు. చవక పలకకూ ఖరీదైన పలకకూ ఉండే తేడా కొనేరోజు కంటికి కనిపించదు. ఏడెనిమిది వేసవులు పోయాక గానీ తెలియదు. అందుకే వీలైతే అదే కంపెనీ, అదే రకం పలకలు వేసి కొన్నేళ్లయిన డెక్ ఎక్కడైనా ఉందేమో కాంట్రాక్టర్‌ను అడిగి చూసి రండి. దుకాణంలో చేతికిచ్చే జానెడు ముక్క చూసి ఏమీ తేల్చలేం.

ఎండతో వచ్చే రెండో చిక్కు వేడి. ముదురు గోధుమరంగు, బూడిదరంగు పలకలు జూలై మధ్యాహ్నం 60 డిగ్రీల సెల్సియస్ దాటిపోగలవు. ఒకే వేడిలో ఉన్నా దట్టమైన కాంపోజిట్‌తో పోలిస్తే, గాలి బుడగలున్న పీవీసీ అరికాలికి వేడిని నెమ్మదిగా అందిస్తుంది కాబట్టి కొంత నయమనిపిస్తుంది. లేత రంగైతే ఇంకా నయం. అయినా చెప్పులు బయటే వదిలి తిరిగే అలవాటున్న మనవాళ్లు ఈ విషయం గట్టిగా ఆలోచించుకోవాలి. ముఖ్యంగా మధుమేహంతో పాదాలకు స్పర్శ తగ్గిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే. మనకు చురుక్కుమన్న వెంటనే కాలు తీసేస్తాం. వాళ్లకు ఆ చురుకు తెలియదు, వడియాలు తిరగేస్తూ అక్కడే నిలబడతారు, రాత్రికి బొబ్బలు కనిపిస్తాయి. మధుమేహం ఉన్న కాలికి పుండు పడితే అది ఎంత దూరం పోతుందో మన ఇళ్లలో చెప్పనక్కర్లేదు. డెక్ పడమటి వైపు ఉండి, చెట్టునీడ లేకపోతే లేత రంగు తప్ప ఇంకోటి తీసుకోవద్దనే చెబుతాను. తలుపు దగ్గరే ఒక జత చెప్పులు ఎప్పుడూ ఉంచండి.

కిటికీల సంగతి చాలామందికి తెలియదు. ఈమధ్య కట్టిన ఇళ్లలో వేడిని వెనక్కి తిప్పికొట్టే లో-ఈ అద్దాలు పెడుతున్నారు. రెండు అద్దాల మధ్య గాలి ఒత్తిడి మారి అద్దం కొద్దిగా లోపలికి వంగితే అది ఎండను ఒకచోటికి కూడగట్టే పుటాకార దర్పణంలా పనిచేస్తుంది. ఆ వెలుగు చార పడినచోట వినైల్ మెత్తబడి, వంగి, కరిగినట్టు అవుతుంది. ఇంటి గోడలకు వేసే వినైల్ సైడింగ్ ఇలా ముడతలు పడిన ఇళ్లు అక్కడ ఎన్నో ఉన్నాయి. డెక్ పలకలకూ ఇదే గతి పట్టొచ్చు. పలక మెత్తబడటానికి నిప్పు అక్కర్లేదు, పీవీసీ 80 డిగ్రీల దరిదాపుల్లోనే బిగువు కోల్పోతుంది. ఇలాంటి నష్టం మా పూచీ కాదని చాలా వారంటీల్లో రాసే ఉంటుంది. ఎండ బాగా కాసే రోజున డెక్ మీదా పచ్చిక మీదా కిటికీ నుంచి గట్టి వెలుగు చారలు పడుతున్నాయేమో ముందే గమనించండి. పడుతుంటే కిటికీకి బయటివైపు జాలీ తెర పెట్టిస్తే చాలావరకు తప్పిపోతుంది.

వేడికి పీవీసీ సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. చెక్క కూడా మారుతుంది, కానీ దాని మార్పు ఎక్కువగా తేమ వల్ల, అదీ వెడల్పులో. పీవీసీ మార్పు పొడవులో. 16 అడుగుల పలక తీసుకోండి. జనవరి తెల్లవారుజాముకూ జూలై మధ్యాహ్నానికీ మధ్య పలక వేడిలో 50 డిగ్రీల సెల్సియస్ తేడా ఉందనుకుంటే, అది సెంటీమీటరుకు పైగా సాగుతుంది. అదే పొడవు చెక్క వేడికి సాగేది అందులో పదో వంతు మాత్రమే. అందుకని పలకకూ పలకకూ మధ్య, గోడ దగ్గర, కొసల దగ్గర ఎంత సందు వదలాలో కంపెనీ ఒక పట్టిక ఇస్తుంది. అది పని జరిగే రోజు ఎండను బట్టి మారుతుంది. చలిలో బిగించేటప్పుడు ఎక్కువ సందు, వేడిలో బిగించేటప్పుడు తక్కువ. చెక్క డెక్‌లు కట్టి చేయి తిరిగిన వడ్రంగి ఈ పట్టిక చూడకుండా అలవాటు ప్రకారం బిగించేస్తే, వేసవిలో పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని ఉబుకుతాయి, లేదా చలికాలంలో కొసల దగ్గర నోళ్లు తెరుస్తాయి. కాంట్రాక్టర్‌తో మాట్లాడేటప్పుడు, ఈ రకం పలక మీరు ఇదివరకు వేశారా, సందు ఎంత వదులుతారు అని అడగండి. ఆ జవాబులోనే మనిషి తెలిసిపోతాడు.

ఇప్పుడు కిందికి దిగుదాం.

డెక్‌లో వినైల్ అయ్యేది పైపొర, రెయిలింగ్, మెట్ల మీది పలకలు మాత్రమే. వాటిని మోసే జాయిస్టులనే అడ్డ దూలాలు, ఆ దూలాలను మోసే బీము, బీమును మోసే స్తంభాలు, ఇంటి గోడకు బిగించే లెడ్జర్ బోర్డు అన్నీ దాదాపు ఎప్పుడూ కుళ్లకుండా మందు ఎక్కించిన పైన్ చెక్కే. బరువు మోయడానికి పీవీసీ పనికిరాదు. పలక మీద యాభై ఏళ్ల వారంటీ అని రాసి ఉంటుంది. కింది చెక్క తేమను బట్టి, పనివాడి శ్రద్ధను బట్టి పదిహేనేళ్లకే చేతులెత్తేయొచ్చు, ముప్ఫై ఏళ్లయినా నిలవొచ్చు. పాత డెక్ మీది చెక్క పలకలు పీకి, అదే ఎముకల గూడు మీద కొత్త వినైల్ వేయిస్తే డబ్బు కలిసొస్తుందని చాలామంది ఆలోచిస్తారు. గూడు బాగుంటే అది మంచి ఆలోచనే. బాగుందని ఎవరు చూశారన్నదే ప్రశ్న.

మా వీధిలో ఒక ఇంటికి ఇలాగే పై పలకలు మార్చే పని మొదలైంది. పాత పలకలు ఊడదీశాక నేనూ వెళ్లి చూశాను. జాయిస్టుల నడుమ భాగం పచ్చగా, గట్టిగా ఉంది. పైఅంచున, పాత స్క్రూలు దిగినచోట మాత్రం వేలెడు వెడల్పున చెక్క నల్లగా మారి ఉంది. పనివాడు స్క్రూడ్రైవర్ మొన పెట్టి నొక్కితే అది పాత కేకులో దిగినట్టు అంగుళం దిగింది. పక్కనే మూడంగుళాల దూరంలో నొక్కితే మొన దిగలేదు. వాన నీళ్లు స్క్రూ కన్నాల్లోంచి లోపలికి దిగి అక్కడే నిలిచాయి. పైన నిలబడి చూసినవాళ్లకు, కింద నిలబడి చూసినవాళ్లకు కూడా అది కనిపించే చోటు కాదు. గోడ దగ్గర లెడ్జర్ బోర్డు ఇంకా ఘోరంగా ఉంది. ఇంటి గోడకూ బోర్డుకూ మధ్య నీళ్లు దిగకుండా పెట్టాల్సిన ఫ్లాషింగ్ రేకు అసలు లేదు. ఆ ఇంటివాళ్లు అదృష్టవంతులు, పని మొదలుపెట్టిన మనిషి నిజాయితీగా ఆపి చూపించాడు. మెత్తబడిన నాలుగు జాయిస్టులూ లెడ్జరూ మార్చాకే పలకలు పరిచారు.

లెడ్జర్ గురించి ఇంకాస్త చెప్పాలి. డెక్‌లు కూలిన ఘటనల్లో ఎక్కువభాగం ఇంటి గోడ నుంచి లెడ్జర్ ఊడి రావడం వల్ల జరిగేవే. దాన్ని మేకులతో కొట్టకూడదు. అరంగుళం మందం లాగ్ స్క్రూలతో గానీ, బోల్టులతో గానీ, లేదా ఆ పనికోసమే తయారై ఆమోదం పొందిన స్క్రూలతో గానీ ఇంటి లోపలి చట్రానికి బిగించాలి. గోడకు బయట అలంకారానికి వేసిన ఇటుక పొరకు బిగించడం అమెరికా గృహ నిర్మాణ నిబంధనల్లో నిషిద్ధం. ఆ ఇటుక తన బరువు తాను మోసుకోవడానికే ఉంది. మీ డెక్ కిందికి వెళ్లి తల ఎత్తి చూడండి. గోడ వెంబడి క్రమంగా బోల్టు తలలు గానీ, లావు స్క్రూ తలలు గానీ కనిపించాలి. మేకు తలలే కనిపిస్తే పలకల మాట పక్కన పెట్టి ముందు ఆ పని చేయించండి.

ఇదంతా ఉత్తినే భయపెట్టడానికి రాయడం లేదు, ఇలా జరిగిన ఘటనలున్నాయి. 2003 జూన్ 29న షికాగోలో ఒక అపార్ట్‌మెంటు వెనక చెక్క పోర్చ్ పార్టీ జరుగుతుండగా కూలి 13 మంది యువతీయువకులు చనిపోయారు. 2015 జూన్ 16న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక బాల్కనీ విరిగిపడి ఆరుగురు విద్యార్థులు మరణించారు. బర్క్‌లీ ఘటన మన విషయానికి మరీ దగ్గరిది. ఆ భవనం కట్టి పదేళ్లు కూడా కాలేదు. బాల్కనీ పైభాగం బాగానే కనిపించింది. నీరు దిగకుండా వేసిన పొర కింద చిక్కుకున్న తేమ వల్ల లోపలి చెక్క దూలాలు కుళ్లిపోయాయి. ఆ తర్వాత కాలిఫోర్నియాలో 2018లో, 2019లో చట్టాలు తెచ్చి అపార్ట్‌మెంట్లు, కాండోల బాల్కనీలను నిర్ణీత కాలానికోసారి తనిఖీ చేయాలన్నారు. సొంత ఇంటి వెనక డెక్‌ను అలా ఎవరూ వచ్చి చూడరు. చూడాల్సింది మనమే.

బరువు లెక్క కూడా తెలుసుకోవడం మంచిది. డెక్‌లను చదరపు అడుగుకు 40 పౌండ్ల బరువు మోసేలా కట్టాలన్నది సాధారణ నిబంధన. 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవున్న డెక్ అంటే 168 చదరపు అడుగులు, 6,720 పౌండ్లు. మన లెక్కలో మూడు వేల కిలోల పైచిలుకు, దాదాపు నలభైమంది పెద్దవాళ్లు. వినాయక చవితికో, బిడ్డ పుట్టినరోజుకో పిలిచిన వాళ్లంతా ఫోటో కోసం ఒకే మూలకు చేరితే బరువు అంతా ఆ మూలనే పడుతుంది. సరిగ్గా కట్టిన డెక్ దాన్ని ఓర్చుకుంటుంది. కొస కుళ్లిన జాయిస్టుకు ఆ హామీ లేదు. నీళ్లు నింపిన హాట్ టబ్ పెట్టాలనుకుంటే ఈ లెక్క చాలదు, ఇంజనీరు చూసి చెప్పాల్సిందే.

వినైల్ వేయాలంటే జాయిస్టుల మధ్య దూరమూ కుదరాలి. చాలా రకాల పలకలకు మధ్య నుంచి మధ్యకు 16 అంగుళాలకు మించకూడదు. పలకలు ఏటవాలుగా వేస్తే, మెట్ల మీద వేస్తే 12 అంగుళాలో, ఇంకా తక్కువో. పాతకాలంలో మందపాటి చెక్క పలకలు వేసినచోట 24 అంగుళాల దూరం పెట్టిన డెక్‌లున్నాయి. వాటి మీద నేరుగా వినైల్ వేస్తే పలకలు నడుమ కుంగుతాయి. జాయిస్టుల మధ్య కొత్తవి చేర్చాలి.

కొత్తగా కడుతున్నా, మరమ్మతు చేస్తున్నా, పలకలు పరిచే ముందు ప్రతి జాయిస్టు పైఅంచున బ్యూటిల్ టేపు అంటించమని పట్టుబట్టండి. స్క్రూ ఆ టేపులోంచి దిగితే రబ్బరులాంటి ఆ జిగురు స్క్రూ చుట్టూ మూసుకుపోతుంది, నీళ్లు కన్నంలోకి దిగవు. మొత్తం పని ఖర్చులో దాని ఖర్చు లెక్కలోకి రాదు. నేనైతే పలక రకాన్ని ఒక మెట్టు దించుకునైనా ఈ టేపు వేయిస్తాను. స్క్రూలు, జాయిస్టులను పట్టుకునే ఇనుప కొక్కేలు వేడి జింకులో ముంచినవి గానీ, స్టెయిన్‌లెస్ స్టీల్‌వి గానీ కావాలి. ఇప్పటి చెక్కకు ఎక్కించే మందులో రాగి ఉంటుంది, అది మామూలు ఇనుమును తినేస్తుంది. ఆ రాగి వల్లే అల్యూమినియం ఫ్లాషింగ్ కూడా ఈ చెక్కకు తగలకూడదు.

పాత చెక్క గురించి ఒక హెచ్చరిక. 2003 ముగిసే దాకా అమెరికాలో ఇళ్లకు వాడిన మందు చెక్కలో ఆర్సెనిక్ ఉండేది. ఆ తర్వాత ఇళ్ల వాడకానికి దాన్ని ఆపేశారు. మీ ఇల్లు అంతకు ముందుదైతే, ఊడదీసిన పలకలను పెరట్లో గోంగూర, తోటకూర మడుల చుట్టూ గట్టుగా పెట్టకండి. చలిమంటకు అసలే వాడకండి, ఆ పొగా బూడిదా విషం. మనవాళ్లకు పెరటి కూరగాయల మీద ప్రేమ ఎక్కువ, వస్తువు పారేయబుద్ధి కాదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఖర్చు విషయానికి వస్తే, పలకకు పలక పోల్చినప్పుడు మందు పైన్ అన్నిటికంటే చవక, కాంపోజిట్ దానికి పైన, సెల్యులార్ పీవీసీ సాధారణంగా అన్నిటికంటే పైన. పైన్ ధరకు పీవీసీ ధర కొన్ని రెట్లుంటుంది. ఆ అంకె చూసి వెనకడుగు వేసేవాళ్లు ఒకటి మరిచిపోతారు. డెక్ మొత్తం ఖర్చులో పలకలు ఒక భాగమే. పునాదులు, గూడు, కూలి, అనుమతి రుసుము ఏ పలక వేసినా దాదాపు ఒకటే. అందుకని మొత్తం బిల్లులో తేడా పలకల ధరల్లో ఉన్నంత ఉండదు. చెక్కకు కొన్నేళ్లకోసారి కడగడం, రంగు పూయడం, విరిగిన పలక మార్చడం తప్పవు. మూడు నాలుగేళ్లలో ఇల్లు అమ్మేసి వెళ్లే ఆలోచన ఉంటే మాత్రం పైనే చాలు. పదేళ్లు ఉంటామనుకున్నవాళ్లకే వినైల్ మీద పెట్టిన డబ్బు దక్కుతుంది.

వినైల్ తయారీ వెనక ఉన్న సంగతి దాచడం న్యాయం కాదు. పీవీసీ తయారయ్యాక మన పాదాలకు హాని చేసే వస్తువు కాదు. కానీ దానికి ముడిసరుకైన వినైల్ క్లోరైడ్ వాయువు క్యాన్సర్ కారకం. 1974లో కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లోని పీవీసీ కర్మాగారంలో పనిచేసినవాళ్లకు అరుదైన కాలేయ క్యాన్సర్ వచ్చిందని బయటపడింది. 2023 ఫిబ్రవరి 3న ఒహాయోలోని ఈస్ట్ పాలస్తీన్ ఊరి దగ్గర రైలు పట్టాలు తప్పింది. మూడు రోజుల తర్వాత ఐదు ట్యాంకర్లలోని వినైల్ క్లోరైడ్‌ను కావాలని బయటికి వదిలి కాల్చారు, ఊరి మీద నల్లటి పొగ కమ్మింది. 2020 మే 7న విశాఖలో కర్మాగారం నుంచి లీకై వెంకటాపురం ప్రజలను బలిగొన్నది వేరే వాయువు, స్టైరీన్. కానీ ప్లాస్టిక్ ముడిసరుకు కర్మాగారం పక్కన బతికేవాళ్ల భయం ఎలాంటిదో మనకు ఒకరు చెప్పనవసరం లేదు. పైగా పాత పీవీసీ పలకలను ఇంటి ముందు రీసైక్లింగ్ బుట్టలో తీసుకోరు, ఎక్కువగా చెత్తదిబ్బకే పోతాయి. ఇది మనసుకు పట్టేవాళ్లకు, సెడార్ చెక్కో, మందు పైనో వేసి ఏటేటా చూసుకోవడమే సరైన దారి. నేను వాళ్లను గౌరవిస్తాను. వినైల్ వేసుకునేవాళ్లు దాన్ని ముప్ఫై ఏళ్లు నిలబెట్టుకోవాలి, పదేళ్లకు రంగు విసుగొచ్చి పీకేయకూడదు.

వేసుకున్నాక జాగ్రత్తలు ఎక్కువేం లేవు గానీ, కొన్ని మనవాళ్లకు ప్రత్యేకంగా పనికొస్తాయి. అడుగున రబ్బరు ఉన్న చాపలు, తొట్లు వినైల్ మీద నెలల తరబడి ఉంచితే రబ్బరులోని రసాయనం దిగి పోని మరక పడుతుంది. దోమల కోసం ఒంటికి కొట్టుకునే డీట్ స్ప్రే ప్లాస్టిక్‌ను తింటుంది, దాన్ని పచ్చిక మీద నిలబడి కొట్టుకోవాలి. నూనె పలకలోకి ఇంకదు, సబ్బుతో పోతుంది, కానీ పోయేదాకా పెద్దవాళ్లు జారతారు. గ్రిల్ నుంచి రాలిన నిప్పు కణిక చెక్క మీద నల్లమచ్చ పెడితే గీకి తీసేయొచ్చు, వినైల్ మీద పడిన గుంట అలాగే ఉంటుంది. దీపావళికి ప్రమిదలు నేరుగా పలక మీద పెట్టకుండా కింద టైల్ ముక్కో, ఇత్తడి పళ్లెమో ఉంచండి. మతాబులు, చిచ్చుబుడ్లు డెక్ మీద అసలు వద్దు. టౌన్‌హోమ్‌లు, అపార్ట్‌మెంట్లలో మంట గ్రిల్ బాల్కనీ మీద పెట్టడమే చాలాచోట్ల నిషేధం. మంచు తీయడానికి ఇనుప పార వాడకూడదు, ప్లాస్టిక్‌ది వాడాలి. పొడి చలికాలంలో నడిచి వెళ్లి ఇనుప రెయిలింగ్ ముట్టుకుంటే చిటుక్కుమని షాక్ కొడుతుంది. అది పలకల్లో లోపం కాదు, పీవీసీ స్వభావం.

అనుమతి లేకుండా మాత్రం పని మొదలుపెట్టించకండి. ఇళ్ల సంఘం ఉంటే దాని అంగీకారం వేరు, ఊరు లేదా కౌంటీ ఇచ్చే అనుమతి వేరు, రెండూ కావాలి. ఇన్స్పెక్టర్ వచ్చి చూసేది పలక రంగు కాదు. పునాది గొయ్యి ఎంత లోతు ఉంది, లెడ్జర్ ఎలా బిగించారు, నేలకు 30 అంగుళాలు దాటిన డెక్‌కు 36 అంగుళాల రెయిలింగ్ ఉందా, ఊచల మధ్య నాలుగంగుళాల బంతి దూరకుండా ఉందా అన్నవి చూస్తాడు. పసిపిల్ల తల ఇరుక్కోకుండా పెట్టిన కొలత అది. అనుమతి అక్కర్లేదు, తక్కువలో చేసేస్తానన్న కాంట్రాక్టర్ మనకు మిగిల్చేది ఈ తనిఖీ ఖర్చు మాత్రమే.

వారంటీ కాగితం సంతకానికి ముందే తెప్పించుకుని చదవండి. పలక మారుస్తారా, మార్చే కూలి ఎవరిది, ఇల్లు అమ్మితే కొన్నవాళ్లకు వర్తిస్తుందా, వెలిసిపోవడానికీ మరకలకూ విడివిడిగా ఎన్నేళ్లు అన్నవి అందులో వెతకండి. పని పూర్తయ్యాక మిగిలిన పలకలను కాంట్రాక్టర్ ట్రక్కులో వేసుకుని పోనివ్వకండి, కనీసం రెండు ఉంచమనండి. కంపెనీలు రంగులు మారుస్తుంటాయి, ఆరేళ్ల తర్వాత అదే రంగు దొరక్కపోవచ్చు. ఆ రెంటినీ గరాజ్‌లో గోడకు ఆనించి నిలబెట్టవద్దు, వంగిపోతాయి. నేల మీద చదునుగా పడుకోబెట్టి, వాటి మీద పలక పేరు, రంగు, కొన్న తేదీ రాసిన చీటీ అంటించండి.